చెరకు పాకం నుంచి స్టైరీన్ ట్యాంకు దాకా: రసాయన చర్యల వేగాన్ని ఎలా కొలుస్తారు?

బెల్లం వండేవాళ్లు చెరకు రసం కాగుతున్నప్పుడు అందులో కొద్దిగా సున్నం కలుపుతారు. రసంలోని మలినాలు తెట్టుగా పైకి తేలడానికి అది పనికొస్తుంది. దానికి ఇంకో పని కూడా ఉంది. చెరకు రసానికి సహజంగానే కాస్త ఆమ్లగుణం ఉంటుంది. ఆమ్లం ఉన్నచోట, అందులోనూ వేడి మీద, చెరకు చక్కెర నీటితో చర్య జరిపి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడిపోతుంది. ఇది ఎక్కువైతే పాకం సరిగా గట్టిపడదు, బెల్లం జిగటగా మిగిలిపోతుంది. సున్నం ఆమ్లాన్ని తగ్గించి ఈ చర్యను నెమ్మదింపజేస్తుంది. పూర్తిగా ఆపదు, ఆపాల్సిన అవసరమూ లేదు. పాకం దించేలోపు చక్కెర పెద్దగా విరగకుండా ఉంటే చాలు.

అనకాపల్లి బెల్లం వండేవారికి అనుభవంతో తెలిసిన ఈ సంగతిలోనే ఒక శాస్త్రం మొత్తం ఇమిడి ఉంది. దాని పేరు రసాయన గతిశాస్త్రం. ఒక రసాయన చర్య జరుగుతుందా లేదా అనేది ఒక ప్రశ్న. ఎంత వేగంగా జరుగుతుందనేది వేరే ప్రశ్న. మొదటిదానికి ఉష్ణగతిశాస్త్రం జవాబు చెబుతుంది. పదార్థాల శక్తి లెక్కలు చూసి ఒక చర్య ఎటు మొగ్గుతుందో కాగితం మీదే తేల్చవచ్చు. రెండో ప్రశ్నకు ఆ లెక్కల్లో జవాబు దొరకదు. నత్రజని, హైడ్రోజన్ కలిసి అమోనియా కావడానికి మామూలు ఉష్ణోగ్రత దగ్గర శక్తిపరంగా అడ్డేమీ లేదు. అయినా ఆ రెండు వాయువుల్ని ఒక సీసాలో కలిపి ఏళ్ల తరబడి ఉంచినా ఏమీ కాదు. ఎరువుల కర్మాగారాల్లో ఇనుము ఉత్ప్రేరకంగా పెట్టి, 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, భారీ పీడనంలో అదే చర్యను నడిపిస్తారు. వేగం తెలియాలంటే కొలవాల్సిందే. కొలిచిన తర్వాతే దానికి కారణం వెతకాలి.

కొలవకపోతే, లేదా కొలిచినదాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా అనకాపల్లికి దగ్గరలోనే, విశాఖపట్నంలో, 2020 మే 7 తెల్లవారుజామున కనిపించింది. అక్కడికి వెళ్లే ముందు మళ్లీ చక్కెర దగ్గరకే రావాలి. రసాయన చర్య వేగాన్ని గణితంలో పట్టుకున్న తొలి ప్రయోగం ఆ చర్య మీదే జరిగింది.

విల్హెల్మీ చూసిన కాంతి

1850లో జర్మనీకి చెందిన లుడ్విగ్ విల్హెల్మీ చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, చక్కెర ఎంత వేగంగా విరుగుతుందో గమనించాడు. ఆయన వాడిన ఉపాయం ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. చర్య జరుగుతున్న పాత్రలోంచి ద్రవాన్ని తీసి విశ్లేషించడం మొదలుపెడితే, ఆ విశ్లేషణ పూర్తయ్యేలోపు చర్య ఇంకొంత ముందుకు పోతుంది. అందుకని ఆయన ద్రావణాన్ని ముట్టుకోకుండా దాని గుండా కాంతిని పంపాడు. చెరకు చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపుకు తిప్పుతుంది. విరిగాక వచ్చే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మిశ్రమం ఎడమవైపుకు తిప్పుతుంది. కాంతి తిరిగే కోణం నిమిష నిమిషానికీ ఎంత మారుతోందో చూస్తే, ఎంత చక్కెర మిగిలిందో తెలిసిపోతుంది.

తేలింది ఇది: ఏ క్షణంలోనైనా చర్య వేగం ఆ క్షణంలో మిగిలి ఉన్న చక్కెర పరిమాణానికి అనులోమంగా ఉంటుంది. చక్కెర సగానికి తగ్గితే వేగమూ సగానికి తగ్గుతుంది. దీన్నుంచే ఇంకో సంగతి వస్తుంది. ఉన్న చక్కెరలో సగం విరగడానికి ఒక గంట పడితే, మిగిలిన సగంలో సగం విరగడానికీ గంటే పడుతుంది. మొదట ఎంత ఉందన్నదానితో సంబంధం లేదు. ఈ నిర్ణీత సమయమే అర్ధాయువు. రేడియోధార్మిక పదార్థాల విషయంలో తరచూ వినిపించే ఈ మాట వెనుక గణితం కూడా సరిగ్గా ఇదే. విల్హెల్మీ పనిని మూడు దశాబ్దాలకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1880లలో ఆస్ట్వాల్డ్ దాన్ని గుర్తుచేసేదాకా అది మరుగున పడి ఉంది.

ఆయన సూత్రం మాత్రం మారలేదు. చర్య ముందుకు సాగుతున్నకొద్దీ మారే ఏదో ఒక భౌతిక లక్షణాన్ని పట్టుకుని, దాన్ని కాలంతో పాటు నమోదు చేయాలి. అది రంగు కావచ్చు, విద్యుత్ వాహకత కావచ్చు, వాయువు వెలువడితే పీడనం కావచ్చు, వేడి కావచ్చు. కాగితం మీద ఇంటూ గుర్తు గీసి, దానిపై బీకరు పెట్టి, థయోసల్ఫేట్ ద్రావణంలో ఆమ్లం పోసి, గంధకం తెల్లగా కమ్ముకుని గుర్తు కనబడకుండా పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే ప్రయోగం చాలామంది సైన్సు విద్యార్థులు చేసే ఉంటారు. అదీ ఈ కోవలోనిదే. లక్షణం ఏదీ చేతికి చిక్కకపోతే పాత పద్ధతే దిక్కు. మధ్యమధ్యలో కొంచెం ద్రవం తీసి, చల్లటి నీటిలోనో ఆమ్లంలోనో పోసి అక్కడికక్కడే చర్యను ఆపేసి, తీరిగ్గా విశ్లేషిస్తారు.

ఈ రెండో పద్ధతికి ఒక తెలుగువాడి పేరు ముడిపడి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రావణంలో ఫాస్ఫేట్ ఎంత ఉంటే అంత ముదురుగా నీలిరంగు వస్తుంది. జీవకణాల్లో శక్తిని మోసే ఏటీపీ అణువును ఎంజైములు ఎంత వేగంగా విడగొడుతున్నాయో తెలియాలంటే, విడుదలైన ఫాస్ఫేట్‌ను నిమిషాల వారీగా కొలవాలి. అందుకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టు అయింది. కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్‌ను వారిద్దరూ గుర్తించింది కూడా దాని సాయంతోనే.

సమీకరణం చెప్పని సంగతి

చక్కెర విరగడానికి నీరు కూడా కావాలి. మరి వేగం చక్కెర మీదే ఆధారపడి, నీటి మీద ఆధారపడనట్టు ఎందుకు కనిపించింది? నీరు అంత ఎక్కువగా ఉంది కాబట్టి. చర్య పూర్తయినా నీటి పరిమాణంలో చెప్పుకోదగ్గ మార్పు రాదు, అందుకే దాని ప్రభావం కొలతలో కనబడదు. ఇలాంటివాటిని మన పాఠ్యపుస్తకాలు మిథ్యా ప్రథమ క్రమాంక చర్యలంటాయి. పేరు కాస్త భయపెట్టేలా ఉన్నా భావం ఇంతే.

క్రమాంకం అంటే, ఒక పదార్థం గాఢత పెరిగితే వేగం ఏ మేరకు పెరుగుతుందో చెప్పే సంఖ్య. గాఢత రెట్టింపైతే వేగం రెట్టింపయితే క్రమాంకం 1. నాలుగు రెట్లయితే 2. ఏమీ మారకపోతే 0. ఇక్కడే విద్యార్థులు ఎక్కువగా తప్పుదారి పట్టేది. తుల్య సమీకరణంలో అణువుల ముందు రాసే అంకెలే క్రమాంకాలని అనుకుంటారు. కావు. సమీకరణం మొదలును, ముగింపును మాత్రమే చెబుతుంది, మధ్యలో చర్య ఏ దారిన నడిచిందో చెప్పదు. హైడ్రోజన్, అయొడిన్ కలిసే చర్యకూ, హైడ్రోజన్, బ్రోమిన్ కలిసే చర్యకూ సమీకరణం ఒకే రూపంలో ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బోడెన్‌స్టైన్ రెండింటినీ కొలిచి చూశాడు. అయొడిన్‌తో వేగ నియమం చాలా సరళంగా వచ్చింది. ఒక్కో పదార్థానికీ క్రమాంకం 1. బ్రోమిన్‌తో మాత్రం వర్గమూలాలు, హారంలో అదనపు పదాలు, తయారైన పదార్థమే మళ్లీ చర్యకు అడ్డుపడటం, ఇలా చిక్కుముడి తేలింది. కారణం, బ్రోమిన్ చర్య గొలుసు చర్య. ఒక బ్రోమిన్ పరమాణువు హైడ్రోజన్ అణువును విడగొడితే ఒక హైడ్రోజన్ పరమాణువు పుడుతుంది. అది ఇంకో బ్రోమిన్ అణువును విడగొడుతుంది, మళ్లీ బ్రోమిన్ పరమాణువు వస్తుంది.

అయొడిన్ కథ ఇంకా ఆసక్తికరం. వేగ నియమం అంత సరళంగా ఉంది కాబట్టి ఒక హైడ్రోజన్ అణువు, ఒక అయొడిన్ అణువు నేరుగా ఢీకొంటాయని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 1967లో సలివన్ అనే శాస్త్రవేత్త కాంతితో అయొడిన్ అణువులను పరమాణువులుగా విడగొట్టి వేగాన్ని కొలిచి, ఈ చర్యలో పరమాణువులకు పాత్ర ఉందని చూపించాడు. ఆ దారిన వెళ్లినా వేగ నియమం అదే వస్తుంది! వేగ నియమానికి సరిపోయిన వివరణ నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. సరిపోని వివరణ మాత్రం తప్పకుండా తప్పు. రసాయన గతిశాస్త్రంలో కొలత చేసే పని చాలావరకు వివరణలను కొట్టివేయడమే.

పది డిగ్రీల తేడా

గాలిలో ఒక అణువు సెకనుకు వందల కోట్ల సార్లు ఇతర అణువులను ఢీకొంటుంది. ఢీకొన్న ప్రతిసారీ చర్య జరిగితే వాయువుల మధ్య చర్యలన్నీ రెప్పపాటులో ముగిసిపోవాలి. అలా జరగడం లేదంటే, చాలా ఢీలు వృథాగా పోతున్నాయన్నమాట. ఎందుకు వృథా అవుతున్నాయో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో వివరించాడు. ఆయన ప్రధానంగా చూసింది కూడా చక్కెర విరగడాన్నే. పాత బంధాలు తెగి కొత్తవి ఏర్పడాలంటే అణువులు ఒక గట్టును దాటాలి. ఆ గట్టు ఎత్తే ఉత్తేజన శక్తి. దాన్ని దాటేంత శక్తి ఉన్న అణువులు ఏ క్షణంలోనైనా చాలా కొద్ది.

ఎంత కొద్దో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉత్తేజన శక్తి మోల్‌కు 50 కిలోజౌళ్లనుకుంటే, 25 డిగ్రీల దగ్గర అంత శక్తితో ఢీకొనేవి 100 కోట్లలో రెండు కన్నా తక్కువే. 35 డిగ్రీలకు పెంచితే మూడు దాటుతాయి. ఈ పది డిగ్రీలకు అణువుల సగటు వేగం పెరిగేది 2 శాతం లోపే. కానీ గట్టు దాటగలిగే అణువుల సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. వేడి పెరిగితే అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి కాబట్టి చర్య వేగం పెరుగుతుందనే సాధారణ వివరణ ఇక్కడ చాలదు. ఢీల సంఖ్య పెద్దగా మారదు. ఫలించే ఢీలు పెరుగుతాయి.

పది డిగ్రీలకు వేగం రెట్టింపవుతుందనే సూత్రం బాగా ప్రచారంలో ఉంది. అది మోటు లెక్క మాత్రమే. గట్టు ఎత్తుగా ఉన్నకొద్దీ వేడి ప్రభావం ఎక్కువగా ఉంటుంది. ఆమ్లంలో చక్కెర విరగడానికి ఉత్తేజన శక్తి సుమారు 108 కిలోజౌళ్లు. దానికి అదే 25 నుంచి 35 డిగ్రీల మధ్య వేగం నాలుగు రెట్లవుతుంది. నాలుగు పదుల డిగ్రీలు పెరిగితే ఆ వేగం వందల రెట్లకు చేరుతుంది. బెల్లం పెనంలో సున్నం అవసరం ఇక్కడ అర్థమవుతుంది.

మందుల గడువు తేదీ నిర్ణయించడంలోనూ ఈ లెక్కే పనిచేస్తుంది. ఒక మాత్ర రెండేళ్లు నిలవ ఉంటుందని చెప్పడానికి కంపెనీ రెండేళ్లు ఆగి చూడాలంటే కష్టం. అందుకని కొన్ని మాత్రలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, మందు ఎంత క్షీణించిందో కొలుస్తారు. దాన్నుంచి మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఎంతకాలం నిలుస్తుందో అంచనా వేస్తారు. పక్కనే అసలు నిల్వ పరీక్ష కూడా సాగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ వేడిలో ఒక దారిన జరిగే చర్య తక్కువ వేడిలో ఇంకో దారిన జరగవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమలో ఇది నిత్యం జరిగే పని. పాత ఆస్పిరిన్ డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తే, తేమతో ఆ మందు విరిగి ఎసిటిక్ ఆమ్లం తయారైందని అర్థం. ఎండాకాలంలో కారులో వదిలేసిన మందుల మీద ముద్రించిన గడువు తేదీని నమ్మడానికి లేదు. ఆ తేదీ చెప్పిన ఉష్ణోగ్రతకే వర్తిస్తుంది.

గట్టును తగ్గించేవి, ఆటంకపరిచేవి

వేడి పెంచకుండా వేగం పెంచాలంటే ఎత్తు తక్కువ ఉన్న ఇంకో దారి చూపాలి. ఉత్ప్రేరకం చేసేది అదే. ఆమ్లం లేకుండా, 25 డిగ్రీల మామూలు నీటిలో చక్కెర సగం విరగడానికి సుమారు 440 ఏళ్లు పడుతుందని అంచనా. ఈస్టులో ఉండే ఇన్వర్టేజ్ ఎంజైము దాన్ని చిటికెలో చేస్తుంది. 1913లో లియొనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ ఈ ఎంజైము వేగాన్ని కొలిచే రాసిన సమీకరణం నేటికీ జీవరసాయన శాస్త్రానికి పునాది. చక్కెర తక్కువగా ఉన్నప్పుడు దాన్ని పెంచితే వేగమూ పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక ఎంజైము అణువులన్నీ పనిలో మునిగి ఉంటాయి, ఇంకెంత చక్కెర పోసినా వేగం పెరగదు. విల్హెల్మీ, అర్హీనియస్, మైకేలిస్-మెంటెన్ ముగ్గురి కొలతల్లోనూ ఉన్నది అదే చెరకు చక్కెర కావడం విశేషం.

చాలాసార్లు మనిషికి కావాల్సింది వేగం కాదు, ఆలస్యం. పొలంలో చల్లిన యూరియా నేలలోని ఎంజైము వల్ల కొద్దిరోజుల్లోనే అమోనియాగా, తర్వాత బాక్టీరియా వల్ల నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ నీటితో కొట్టుకుపోతుంది. వేపనూనె పూత ఈ రెండో అంచెను నెమ్మదింపజేస్తుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేపపూతను కేంద్రం తప్పనిసరి చేసింది. సబ్సిడీ యూరియా పక్కదారి పట్టకుండా చూడటం కూడా అందులో ఒక ఉద్దేశమే అనుకోండి.

మరీ వేగంగా జరిగే చర్యలను కొలవడం వేరే కథ. రెండు ద్రవాలను చేత్తో కలిపేలోపే అయిపోయే చర్యను ఎలా కొలవాలి? 1923లో హార్ట్‌రిడ్జ్, రఫ్టన్ రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కలిసే వేగాన్ని కొలవడానికి రెండు ద్రవాలను ఒక గొట్టంలోకి వేగంగా పారించారు. కలిసిన చోటు నుంచి ఎంత దూరంలో రంగు ఎలా ఉందో చూస్తే, దూరమే కాలాన్ని చెబుతుంది. ఇంకా వేగమైన వాటికి మాన్‌ఫ్రెడ్ ఐగెన్ అసలు కలపడమే మానేశాడు. సమతాస్థితిలో ఉన్న ద్రావణాన్ని ఒక్క కుదుపు కుదిపి, అది మళ్లీ కుదురుకోవడానికి పట్టే సమయాన్ని కొలిచాడు. నారిష్, పోర్టర్ కాంతి మెరుపుతో చర్యను మొదలుపెట్టి చూశారు. ఈ ముగ్గురికీ 1967లో నోబెల్ వచ్చింది. గట్టు పైన, పాత బంధం పూర్తిగా తెగకుండా, కొత్తది పూర్తిగా ఏర్పడకుండా ఉండే స్థితిని 1935లో ఐరింగ్, ఇవాన్స్, పొలాని సిద్ధాంతపరంగా వర్ణించారు. ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్ 1980లలో లేజర్ మెరుపులతో ఆ క్షణాన్ని చూడగలిగాడు. ఆయన వాడిన కొలమానం ఫెమ్టోసెకను, అంటే సెకనులో కోటి కోట్ల వంతులో పదో వంతు.

వేడి తనను తాను పెంచుకున్నప్పుడు

పై అంశాలన్నీ ఒకేసారి ఒక ట్యాంకులో కలిస్తే ఏమవుతుంది? చాలా చర్యలు వేడిని విడుదల చేస్తాయి. ఆ వేడి బయటకు పోకపోతే ద్రవం వేడెక్కుతుంది. వేడెక్కితే చర్య వేగం పెరుగుతుంది, మరింత వేడి వస్తుంది. 1920ల చివర్లో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ సెమ్యనోవ్ దీన్ని రెండు రేఖల పోటీగా చూపించాడు. చర్యలో పుట్టే వేడి ఉష్ణోగ్రతతో పాటు అర్హీనియస్ చెప్పినట్టు ఏటవాలుగా పైకి లేస్తుంది. గోడల ద్వారా బయటకు పోయే వేడి మాత్రం ఉష్ణోగ్రత తేడాకు అనులోమంగా, సరళరేఖలో పెరుగుతుంది. ఒక హద్దు దాకా సరళరేఖదే పైచేయి. ఆ హద్దు దాటాక రెండు రేఖలూ మళ్లీ కలవవు. ఇంగ్లిషులో దీన్నే రన్అవే అంటారు, పగ్గాలు తెంచుకున్న చర్య అనవచ్చు.

పరిమాణం కూడా ముఖ్యం. ట్యాంకు కొలతలన్నీ రెట్టింపు చేస్తే లోపల ద్రవం ఎనిమిది రెట్లవుతుంది, వేడిని బయటకు పంపే గోడ నాలుగు రెట్లే అవుతుంది. ప్రయోగశాలలో అరలీటరు గాజుపాత్రలో గది ఉష్ణోగ్రతలోనే చల్లగా ఉన్న చర్య, పెద్ద రియాక్టరులో అలా ఉంటుందనుకోవడానికి లేదు.

విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ప్లాంటులో ఎం-6 ట్యాంకులో ఉన్నది స్టైరీన్. అది ఏ ఉత్ప్రేరకమూ లేకుండానే, తనంతట తానే అణువులు గొలుసుగా అల్లుకుని పాలీస్టైరీన్‌గా మారగలదు. 60 డిగ్రీల దగ్గర గంటకు మారేది సుమారు 0.1 శాతం, 100 డిగ్రీల దగ్గర సుమారు 2 శాతం. మామూలు వాతావరణంలో వేగం చాలా తక్కువ. తక్కువే గానీ సున్నా కాదు. కిలో స్టైరీన్ పాలిమర్‌గా మారితే దాదాపు 670 కిలోజౌళ్ల వేడి వస్తుంది. మరిగే స్థితిలో ఉన్న మరో కిలోకు పైగా స్టైరీన్‌ను ఆవిరి చేయడానికి అది చాలు. అందుకే స్టైరీన్‌ను చల్లగా ఉంచుతారు. టెర్షరీ బ్యూటైల్ కెటెకాల్ అనే నిరోధకాన్ని పది లక్షల వంతుల్లో 10 నుంచి 15 వంతులు కలుపుతారు. అది పుడుతున్న గొలుసులను మొదట్లోనే తుంచేస్తుంది. ఆ పని చేయడానికి ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కూడా కావాలి. పనిచేస్తున్నకొద్దీ నిరోధకం ఖర్చయిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. అది ఉన్నంతసేపు ట్యాంకులో ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. అది అయిపోయిన తర్వాత చర్య మొదలవుతుంది.

లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి ఆ స్టైరీన్ కదలకుండా నిలవ ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ఎత్తిచూపిన లోపాలను గతిశాస్త్రం కళ్లతో చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో రేఖను కదిపినట్టు కనిపిస్తుంది. ట్యాంకులో నిరోధకం చాలినంత లేదు, ప్లాంటులో దాని నిల్వ కూడా లేదు. శీతలీకరణ వ్యవస్థను 24 గంటలూ నడపలేదు. 2019 డిసెంబరులో పైపుల అమరికలో చేసిన మార్పు వల్ల ట్యాంకు పైభాగంలోని ద్రవం కింది చల్లటి ద్రవంతో సరిగా కలవలేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగున ఉంది. పైన ద్రవం వేడెక్కుతుంటే కొలత మాత్రం కింది చల్లదనాన్నే చెప్పింది. చివరికి ట్యాంకులో ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటింది. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల దగ్గర. నిద్రలో ఉన్న ఊరి మీదకు ఆవిరి వెళ్లింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

భోపాల్‌తో పోలిక ఇక్కడ అనివార్యం. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ప్లాంటులోని 610 నంబరు ట్యాంకులో 40 టన్నులకు పైగా మిథైల్ ఐసోసయనేట్ ఉంది. దాన్ని సున్నా డిగ్రీల దగ్గర ఉంచాల్సిన శీతలీకరణను ఆ ఏడాది జూన్‌లోనే ఆపేశారు. ట్యాంకులోకి నీరు చేరింది. నీటితో జరిగే చర్య వేడిని పుట్టించింది. ట్యాంకు లోహం తినబడి వచ్చిన ఇనుము, అణువులు ఒకదానితో ఒకటి కలిసే ఇంకో చర్యకు ఉత్ప్రేరకమైంది. ఆ చర్య మరింత వేడినిచ్చింది. ఆ పదార్థం 39 డిగ్రీలకే మరుగుతుంది. నీరు ఎలా చేరిందన్న దానిపై కంపెనీ వాదన, ఇతరుల వాదన వేర్వేరు. కానీ సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ట్యాంకులో అదే నీరు పడి ఉంటే చర్య ఎంతో నెమ్మదిగా సాగేది, గుర్తించి స్పందించడానికి సమయం దొరికేది. శీతలీకరణ ఆపేయడంతో ఆ సమయమే పోయింది.

ప్రతి పారిశ్రామిక ప్రమాదమూ ఈ కోవలోకి రాదని కూడా చెప్పుకోవాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది చనిపోయినప్పుడు రియాక్టర్ పేలిందని మొదట వార్తలు వచ్చాయి. తర్వాత తేలింది, లీకైన ద్రావణి ఆవిరి అంటుకుని పేలిందని. అక్కడ ప్రశ్న పైపులది, చర్య వేగానిది కాదు. మన పత్రికల్లో రియాక్టర్ పేలుడు అనే మాట అన్నిటికీ సరిపోయే శీర్షిక అయిపోయింది. దానివల్ల కారణాలు కలగాపులగం అవుతున్నాయి.

పగ్గాలు తెంచుకునే చర్యల్ని ముందే పసిగట్టడానికి ఇప్పుడు వాడే ప్రధాన సాధనం కెలోరీమీటరు. కొద్ది గ్రాముల పదార్థాన్ని బయటకు వేడి పోకుండా బంధించి, మెల్లగా వేడిచేస్తూ, ఎక్కడ అది తనంతట తాను వేడెక్కడం మొదలుపెడుతుందో, ఆ తర్వాత ఎంత వేగంగా వేడెక్కుతుందో నమోదు చేస్తారు. పెద్ద ట్యాంకు మధ్యభాగంలోని ద్రవం పరిస్థితీ దాదాపు ఇలాంటిదే, అక్కడి వేడికీ బయటకు దారి ఉండదు. ఈ కొలతల నుంచి పరిశ్రమ వాడే ఒక సంఖ్య వస్తుంది. శీతలీకరణ పూర్తిగా ఆగిపోతే, ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలైన చర్య గరిష్ఠ వేగానికి చేరడానికి సరిగ్గా 24 గంటలు పడుతుందో ఆ ఉష్ణోగ్రత. ట్యాంకులో వేడి దానికి తక్కువగా ఉన్నంతకాలం కరెంటు పోయినా, పంపు చెడినా, సిబ్బందికి కనీసం ఒక రోజు చేతిలో ఉంటుంది. దానికి పైన ఉంటే గంటలే ఉంటాయి. ఆ సంఖ్య పదార్థానిది మాత్రమే కాదు, ఆ రోజు ట్యాంకులో ఉన్న మిశ్రమానిది. నిరోధకం తగ్గినా, తుప్పు కలిసినా, నీరు చేరినా అది కిందికి జరుగుతుంది. మళ్లీ కొలవాలి.